క్యాంపర్ వ్యాన్ వెనక సైకిల్ ర్యాక్ బిగించడం ఎలా?

"వ్యాన్ వెనక సైకిల్ ర్యాక్ మనమే బిగించుకోవచ్చా, మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిందేనా?" అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. బిగించుకోవచ్చు. డ్రిల్లు పట్టడం అలవాటు ఉండి, సాయానికి ఇంకో మనిషి ఉంటే ఒక పగటి పని. చిక్కల్లా ఏమిటంటే, చాలామంది ర్యాక్ కొనేశాకే ఈ ప్రశ్న అడుగుతున్నారు. ఏ ర్యాక్ కొనాలో బండి వెనక భాగాన్ని బట్టి తేలాలి. కాబట్టి పని అక్కడి నుంచే మొదలుపెడదాం.

మీ బండి వెనక ఏముంది?

రెండు రెక్కల తలుపులుంటే (ఫియట్ డుకాటో లాంటి ప్యానెల్ వ్యాన్లు), తలుపు అంచులను కొక్కేలతో పట్టుకునే ర్యాక్ తీసుకోండి. వీటిలో చాలావాటికి రంధ్రాలు వేయక్కర్లేదు. కానీ మోడల్, సంవత్సరం రెండూ కలవాలి. డుకాటోకి 2006లో ఒళ్లు మారింది. అంతకుముందు తలుపులకు చేసిన ర్యాక్ ఆ తర్వాతి బండికి కూర్చోదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని తొందరపడితే ఇక్కడే దెబ్బతింటారు.

పైకి లేచే డిక్కీ తలుపుంటే (వోక్స్‌వ్యాగన్ ట్రాన్స్‌పోర్టర్ రకం), దానికి వేరే ర్యాక్ ఉంటుంది. సైకిళ్లు పెట్టి తలుపు ఎత్తకూడదు. తలుపును పైకి నిలబెట్టే గ్యాస్ స్ట్రట్లు ఆ బరువు కోసం చేసినవి కావు.

మోటర్‌హోమ్‌లా (చిన్న ఇల్లులా కట్టిన బండి) నిలువు గోడ ఉంటే, ఆ గోడకు రంధ్రాలు వేసి బోల్టులతో బిగించే ర్యాక్. కష్టమైన పని ఇదే, ఎక్కువ ప్రశ్నలు వచ్చేదీ దీని గురించే.

టో బార్ (ట్రైలరు తగిలించడానికి బండి వెనక ఉండే కడ్డీ) ఉంటే మిగతావన్నీ మరిచిపోయి దానికి తగిలించే ర్యాక్ తెచ్చుకోమంటాను. బరువు నేరుగా ఛాసీ మీద పడుతుంది, గోడకు ఒక్క రంధ్రం ఉండదు, సైకిళ్లను తల మీదికి ఎత్తే పనీ ఉండదు.

వెనక నిచ్చెన ఉంది కదా, దానికే తగిలిస్తే పోలా అని కొందరు అడుగుతారు. ఆ నిచ్చెన మనిషి ఒకసారి ఎక్కి దిగడానికి పెట్టింది. రోజంతా ప్రతి గుంటలో ఎగిరిపడే 40 కిలోల కోసం కాదు. తయారీదారు ప్రత్యేకంగా పనికొస్తుందని రాసి ఇస్తే తప్ప దాని జోలికి పోకండి.

కొనే ముందు బరువు లెక్క

మామూలు సైకిల్ 10 నుంచి 15 కిలోలు ఉంటుంది, ఎలక్ట్రిక్ సైకిల్ 20 నుంచి 28. ర్యాక్ మొత్తం 60 కిలోలు మోస్తుందని పెట్టె మీద రాసి ఉన్నా, ఒక్కో సైకిల్ చక్రాలు నిలిచే పట్టా ఎంత మోస్తుందన్నది వేరే అంకె. అది లోపలి కరపత్రంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని వెతికి చూడండి.

రెండోది, వెనక ఇరుసు. ర్యాక్ ఇరుసుకు బాగా వెనక వేలాడుతుంది కాబట్టి ఇరుసు మీద పడే భారం అసలు బరువు కంటే ఎక్కువ. ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లు, వెనక ఇరుసు నుంచి ర్యాక్ మధ్యకు 2 మీటర్లు అనుకుందాం. సైకిళ్లు 45 కిలోలు, ర్యాక్ 15, మొత్తం 60. వెనక ఇరుసు మీద పడేది 60 × (4 + 2) ÷ 4, అంటే 90 కిలోలు. ఆ అదనపు 30 ముందు ఇరుసు మీంచి లేచిపోతుంది. స్టీరింగు తేలికవుతుంది. ముందు చక్రాలు లాగే బండైతే, తడిసిన ఎత్తులో చక్రం తిరిగిందే తిరిగి ముందుకు కదలదు.

అందుకే మీ కొలతలతో ఈ లెక్క వేసుకుని, నీళ్లు, గ్యాస్, సామాను, మనుషులు అన్నీ నింపుకుని కాటా మీదికి వెళ్లి వెనక ఇరుసును మాత్రమే తూయించండి. బండి తయారీదారు బిగించిన బరువుల ప్లేటు మీద ఇరుసు పరిమితి ఉంటుంది. ఆ రెండింటి తేడాలో మీ 90 కిలోలు ఇమడాలి. ఇమడకపోతే ఈ వ్యాసంతో ఇక మీకు పని లేదు. సైకిళ్లు బండి లోపల పెట్టుకోవడమో, సామాను తగ్గించుకోవడమో చూడండి.

కావలసినవి

- ర్యాక్, దాని కరపత్రం, ఉంటే రంధ్రాల అచ్చు కాగితం
- డ్రిల్లు, 3 మి.మీ. బిట్టు, కింద చెప్పే గొట్టం బయటి వ్యాసానికి తగిన పెద్ద బిట్టు
- కొలత టేపు, మాస్కింగ్ టేపు, పెన్సిలు, రసమట్టం
- టార్క్ రెంచీ (ఎంత బిగువుతో తిప్పుతున్నామో చూపే రెంచీ), స్పానర్లు
- స్టెయిన్‌లెస్ బోల్టులు, నైలాన్ లాక్ ఉన్న నట్లు, పెద్ద వాషర్లు
- గోడ లోపలి వైపుకు అల్యూమినియం పలకలు, 3 మి.మీ. మందం, వీలైనంత వెడల్పు
- బోల్టు దూరేంత లోపలి వ్యాసం ఉన్న అల్యూమినియం గొట్టం
- బండ్లకు వాడే పాలీయురేథేన్ సీలెంట్ లేదా బ్యూటైల్ సీలెంట్
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత గుడ్డలు
- తలుపు ర్యాక్ అయితే పెయింటును కాపాడే పారదర్శక ఫిల్మ్

బాత్‌రూమ్ టైల్స్ దగ్గర వాడే సిలికాన్ మాత్రం వద్దు. బండి కదలికకు ఊడొస్తుంది. పైగా ఒకసారి పూశాక దాని జిడ్డు పూర్తిగా పోదు, తర్వాత మంచి సీలెంట్ పూసినా అంటుకోదు. ప్లాస్టిక్ గోడైతే మీ సీలెంట్ ఆ ప్లాస్టిక్‌కు సరిపడుతుందో లేదో ట్యూబు మీద చదవండి.

ఇంకొక మాట. గోడలోకి నీరు దిగకుండా గ్యారంటీ ఉన్న బండికి మీరే రంధ్రాలు వేస్తే ఆ గ్యారంటీ పోవచ్చు. కాగితాలు చదివి తేల్చుకోండి. గ్యారంటీ ఇంకా నాలుగైదేళ్లుంటే డీలరు చేత చేయించుకోవడమే లాభం.

గోడకు బిగించడం

1. ముందు లోపలికి వెళ్లండి. ర్యాక్ వచ్చే చోట గోడకు అవతల ఏముందో చూడండి. అలమరా ఉండొచ్చు, స్నానాల గది, మంచం, కరెంటు తీగలు, గ్యాస్ గొట్టం, ఏదైనా. చాలా మోటర్‌హోమ్‌ల గోడలో బయట, లోపల సన్నటి రేకులు, మధ్యలో ఫోమ్ ఉంటాయి. మందం సాధారణంగా 25 నుంచి 35 మి.మీ. కొన్నిటికి ర్యాక్ కోసమే గోడలో చెక్కో అల్యూమినియమో పెట్టి ఉంచుతారు. అది ఎక్కడుందో బండి తయారీదారు దగ్గర బొమ్మ ఉంటుంది, అడిగితే ఇస్తారు. వేలితో కొట్టి శబ్దం విని ఊహించుకోవడం కంటే ఆ ఒక్క ఉత్తరం రాయడం మేలు.

2. ర్యాక్‌ని గోడకు ఆనించి చూడండి. ఇద్దరు పట్టుకుంటే మూడో మనిషి ఒక సైకిల్ పెట్టాలి. హ్యాండిల్ కిటికీకి తగులుతోందా, పెడల్ గోడను గీస్తోందా, బ్రేక్ లైటు, నంబర్ ప్లేటు, వెనక కెమెరా కనబడుతున్నాయా? రంధ్రాలు వేశాక తెలిస్తే చేసేదేమీ ఉండదు. మీ సైకిళ్లలో పొడవైనదాన్నే ఇందుకు వాడండి.

3. గుర్తులు పెట్టండి. ఇక్కడ రసమట్టం మోసం చేస్తుంది. బండి నిలబడ్డ నేల వాలుగా ఉంటే, రసమట్టం ప్రకారం తిన్నగా పెట్టిన ర్యాక్ బండికి వంకరగా కనిపిస్తుంది. బంపరు నుంచి, పైకప్పు అంచు నుంచి టేపుతో కొలిచి రెండు వైపులా సమానం చేయండి. రసమట్టాన్ని నేల సమంగా ఉందని తేల్చుకున్నాకే వాడండి. గుర్తు పెట్టే చోట మాస్కింగ్ టేపు అతికిస్తే బిట్టు జారదు, పెయింటు పెచ్చులు లేవదు.

4. 3 మి.మీ. రంధ్రం ఒకటి వేయండి. ఒక్కటే. నెమ్మదిగా, డ్రిల్లు గోడకు లంబంగా పట్టుకుని. బిట్టుకు గోడ మందం దాటి ఓ 5 మి.మీ. దగ్గర టేపు చుట్టండి, అవతలికి పొడుచుకుపోకుండా ఉంటుంది. లోపలికి వెళ్లి అది అనుకున్న చోటే తేలిందా చూడండి. తేలితే మిగతావి వేయండి. తప్పితే 3 మి.మీ. రంధ్రం సీలెంట్‌తో పూడ్చడం పెద్ద పని కాదు.

5. రంధ్రం పెద్దది చేసి గొట్టం ముక్క దూర్చండి. చాలా వీడియోల్లో వదిలేసే పని ఇది. ఫోమ్ గోడకు నేరుగా బోల్టు వేసి బిగిస్తే ఫోమ్ అణిగిపోతుంది, బయటి రేకు సొట్టపడుతుంది, ఆ సొట్టలో నీళ్లు నిలుస్తాయి. రెండు నెలల్లో బోల్టు వదులవుతుంది, మీరు మళ్లీ బిగిస్తారు, సొట్ట ఇంకా లోతవుతుంది. దీనికి మందు గొట్టం ముక్క. ప్రతి రంధ్రం దగ్గరా గోడ మందం విడివిడిగా కొలిచి, అంతకు అర మిల్లీమీటరు తక్కువగా గొట్టం కోసి దూర్చండి. ఇక బోల్టు బిగింపు భారమంతా గొట్టం మీద పడుతుంది, గోడ నలగదు. రంధ్రం పెద్దది చేసేటప్పుడు అవతలి వైపు చెక్క ముక్క ఒకటి అదిమి పట్టమంటే రంధ్రం అంచు చీలదు.

6. రజను తీసేయండి. లోహపు రజను పెయింటు మీద ఉండిపోతే గీతలు పడతాయి. ఉక్కు రజనైతే ఒక్క వానకే తుప్పు చుక్కలు. వ్యాక్యూమ్‌తో లాగి, ఆల్కహాల్‌తో తుడవండి. రేకు ఉక్కుదైతే కోసిన అంచుకు ప్రైమర్ పూసి ఆరనివ్వండి.

7. సీలెంట్. ర్యాక్ కాలు గోడకు తగిలే ముఖం మీద, రంధ్రం చుట్టూ ఎక్కడా తెగకుండా ఒక వలయంలా పూయండి. గొట్టం చుట్టూ, బోల్టు తల కింద కూడా. లోపలి వైపు పూయకండి. నీరు దిగితే లోపల కనబడాలి, గోడలో దాక్కోకూడదు.

8. బిగించండి. లోపలి నుంచి పలక, వాషరు, నట్టు. బయట బోల్టు తలను స్పానరుతో కదలకుండా పట్టుకుని, లోపల నట్టు మాత్రమే తిప్పాలి. తల తిరిగితే దాని కింద సీలెంట్ తెగుతుంది. ముందు అన్నీ చేతి బిగువుకు తెచ్చి, ఆ తర్వాత ఐమూలగా ఒక్కోటి కరపత్రంలో చెప్పిన టార్క్‌కు. అందులో లేకపోతే తయారీదారుని అడగండి. ఇంటర్‌నెట్‌లో ఎం8 (8 మి.మీ. వ్యాసం) బోల్టుకు 25 న్యూటన్ మీటర్లని కనబడే అంకె ఉక్కు మీద ఉక్కు బిగించేటప్పటిది, ఫోమ్ గోడకు అది వర్తించదు.

పెద్ద పలకలు పై కాళ్లకు వాడండి. సైకిళ్ల బరువుకు కింది కాళ్లు గోడను లోపలికి నెడతాయి, పై కాళ్లు గోడలోంచి ఊడి రావాలని చూస్తాయి. ర్యాక్ ఊడిపోయిందంటే ఊడేది పైనుంచే.

9. ఆరనివ్వండి. పాలీయురేథేన్ గంటలో పైన పొర కడుతుంది కానీ లోపల రోజుకు 3 మి.మీ. చొప్పున మాత్రమే ఆరుతుంది, చలిలో ఇంకా నెమ్మది. రెండు రోజులు సైకిల్ పెట్టకండి. బ్యూటైల్ ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది, దానికి ఎదురుచూపు లేదు. ర్యాక్‌ని ఎప్పుడైనా తీసే ఉద్దేశం ఉంటే అదే మంచిది.

తలుపులకు బిగించడం

పని తేలికే. కాకపోతే పెయింటు పోయేది ఇక్కడే ఎక్కువ. కొక్కేలు, రబ్బరు కాళ్లు ఆనే ప్రతి చోటా కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, ఫిల్మ్ అతికించండి. రబ్బరు మెత్తన కదా, ఏమవుతుందిలే అనుకోకండి. రబ్బరు కింద చేరిన ఇసుక గరుకు కాగితంలా పెయింటును అరగదీస్తుంది.

కొక్కెం తగిలించాక తలుపు మూసి, గ్యాస్కెట్ (తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) మధ్య కాగితం ముక్క పెట్టి లాగండి. బిగువుగా రావాలి. సులువుగా జారివస్తే ఆ చోట గ్యాస్కెట్ కూర్చోలేదు, వాన లోపలికొస్తుంది. కొక్కెం దగ్గర, దానికి ఓ జానెడు అటూ ఇటూ ఈ పరీక్ష చేయండి.

కొన్ని ర్యాకులు ఒక్క తలుపు మీదే కూర్చుంటాయి, కొన్ని రెండింటినీ కలుపుతాయి. రెండింటినీ కలిపేవైతే, వెనక తలుపు తీయాలన్నప్పుడల్లా ర్యాక్ విప్పాలి. మీ మంచం కింద సామాను వెనక నుంచే తీస్తారా? అయితే ఇది కొనే ముందే ఆలోచించుకోండి. ఒక్క తలుపు రకమైతే సైకిళ్లతో తలుపు విసురుగా తీయకండి, గాలికి వదిలేయకండి. కీళ్లు వంగుతాయి.

టో బార్‌కు తగిలించడం

టో బార్ ప్లేటు మీద నిలువు భారం పరిమితి ఉంటుంది. దానిలోంచి ర్యాక్ సొంత బరువు తీసేస్తేనే సైకిళ్లకు మిగిలేది తెలుస్తుంది. పరిమితి 75, ర్యాక్ 18 అయితే మిగిలింది 57.

గుండ్రటి బంతికి పట్టే రకమైతే బంతి మీద గ్రీజు పూర్తిగా తుడవాలి. ట్రైలరుకు గ్రీజు మంచిదే, కానీ ఈ ర్యాక్ నిలిచేది రాపిడి మీదే. చదరపు గొట్టంలోకి దూర్చే రకమైతే లోపల కొంచెం సందు ఉంటుంది, ఊగుడు ఆపే బోల్టు తప్పక వాడండి.

సైలెన్సర్ మూతి ఎటుందో చూడండి. వేడి గాలి నేరుగా సైకిల్ టైరుకు కొడితే టైరు, ప్లాస్టిక్ పట్టీ రెండూ కరుగుతాయి. ఇంజన్ నడిపి చెయ్యి అక్కడ పెడితే తెలిసిపోతుంది. తగులుతుంటే సైలెన్సర్ మూతికి వంపు గొట్టం తగిలించాలి, లేదా సైకిల్ దిక్కు మార్చాలి.

ర్యాక్ వెనక లైటు బోర్డు (బండి లైట్లు, నంబర్ ప్లేటు మళ్లీ చూపే పలక) తగిలించాక ఇండికేటర్లు, బ్రేకు, నంబర్ ప్లేటు లైటు ఒక్కోటీ వేసి ఇంకొకరిని చూడమనండి. ప్లగ్గు 7 పిన్నులా, 13 పిన్నులా ముందే చూసుకుంటే అడాప్టర్ కోసం చివరి నిమిషంలో పరుగు ఉండదు.

సైకిళ్లు ఎక్కించడం

బరువైన సైకిల్ బండికి దగ్గరగా, తేలికైనది బయటికి. ఒకదాని హ్యాండిల్ కుడికి, రెండోదాని హ్యాండిల్ ఎడమకి. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ తీసి బండి లోపల పెట్టండి, మూడు కిలోలు అటూ ఇటూగా తగ్గుతుంది. పంపు, నీళ్ల సీసా, పిల్లల సీటు, బుట్ట, ఊడి ఎగిరేవన్నీ తీసేయండి.

రెండు చక్రాలకూ పట్టీలు, ఫ్రేముకు ర్యాక్ చెయ్యి. ఆ పైన ర్యాక్‌తో సంబంధం లేకుండా ఇంకో పట్టీ వేసి సైకిళ్లన్నిటినీ ర్యాక్ చట్రానికి కట్టేయండి. ర్యాక్ చెయ్యి ఊడినా సైకిల్ రోడ్డు మీద పడదు. కార్బన్ ఫ్రేమును ర్యాక్ చేతితో నొక్కితే పగలొచ్చు, దానికి చక్రాలను పట్టే ర్యాక్ కావాలి. పట్టీల కొసలు వదిలేయకుండా ముడివేయండి. రెపరెపలాడే కొస ఒక్క ప్రయాణంలో పెయింటు మీద తెల్లటి మచ్చ చేస్తుంది.

సైకిళ్లకు ముసుగు కప్పి నడపడం నాకు నచ్చదు. అది గాలి పట్టుకుని ర్యాక్‌ని వెనక్కి లాగుతుంది, లైట్లను కప్పేస్తుంది. చాలా ర్యాకుల కరపత్రాల్లో వద్దనే రాసి ఉంటుంది. దొంగల కోసమైతే ఆగిన చోట కప్పుకోండి.

దేశం దాటేవాళ్లకు: ఇటలీ, స్పెయిన్‌లలో వెనక్కి పొడుచుకొచ్చే సామానుకు ఎరుపు తెలుపు చారల 50 × 50 సెం.మీ. పలక తప్పనిసరి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

*గోడ వంగుతోందా?* ర్యాక్ ఖాళీగా ఉన్నప్పుడు పై కాళ్ల దగ్గర గోడకు పొడవాటి స్కేలు ఆనించి సందు చూడండి. సైకిళ్లు పెట్టి మళ్లీ చూడండి. కొత్తగా సందు కనబడితే పలకలు చాలలేదు. తీసి పెద్దవి వేయండి, రోడ్డెక్కకండి.

*నీరు దిగుతోందా?* లోపలి పలకల చుట్టూ టిష్యూ కాగితం అంటించి, బయట పైపుతో నీళ్లు కొట్టండి. కింది కాళ్ల దగ్గర మొదలుపెట్టి రెండు మూడు నిమిషాలకోసారి పైకి వెళ్లండి. పైనుంచి మొదలుపెడితే నీరు కిందికి జారి ఎక్కడ కారుతోందో తేలదు. మొదటి పెద్ద వాన దాటే దాకా లోపలి పలకలకు మూత వేయకండి.

*వదులవుతోందా?* బిగించాక ప్రతి నట్టు మీద నుంచి పలక మీదికి పెయింటు పెన్నుతో ఒక గీత గీయండి. గీత విరిగితే నట్టు తిరిగినట్టే. మొదటి 50 కిలోమీటర్లకు ఆగి చూడండి, ఆ తర్వాత ఆగిన ప్రతిచోటా ఒక చూపు. ఒకే నట్టు పదేపదే తిరుగుతుంటే దాన్ని ఇంకా బిగించడం కాదు చేయాల్సింది. గొట్టం ముక్క పొట్టిగా ఉందో, ఫోమ్ నలిగిందో విప్పి చూడాలి.

*చప్పుడు?* కటకటమంటే పట్టీ వదులు. కిర్రుమంటే రబ్బరు పెయింటును రుద్దుతోంది. రెండోదాన్ని పట్టించుకోకుండా వదలొద్దు.

బండి పొడవు పెరిగిందని మరవకండి. కొత్త పొడవు కొలిచి డ్యాష్‌బోర్డు మీద రాసి పెట్టుకోండి. వెనక సెన్సార్లు సైకిళ్లనే అడ్డంగా చూసి మోగుతుంటాయి, కొందరు విసిగి వాటిని ఆపేస్తారు. ఆపేస్తే రివర్సులో ఒక మనిషి దిగి నిలబడాల్సిందే. టో బార్ ర్యాక్ కిందికి ఉంటుంది కాబట్టి ఫెర్రీ ఎక్కే వాలు దగ్గర నేలకు రాసుకోవచ్చు, ఐమూలగా ఎక్కించండి.

సైకిళ్లు లేనప్పుడు ర్యాక్ మడిచి పెట్టండి. చాలా నెలలు వాడకపోతే తీసేయడమే మంచిది. గోడ ర్యాక్ తీస్తే, రంధ్రాల్లో అవే బోల్టులు పెద్ద వాషర్లతో, కొత్త సీలెంట్‌తో తిరిగి బిగించండి. వాటి బదులు రబ్బరు బిరడాలు పెడితే ఎండకు పగిలిపోతాయి.